స్తంభం పక్కన షహాతా

నైలు ఒడ్డున ఆ పాతకాలపు గుడి సగానికి పైగా ఇసుకలో కూరుకుపోయింది. దాని కప్పు మీదే ఊళ్లో చాలామంది ఇళ్లు. బహీయ అక్కడికే కోడలిగా వచ్చింది. రాతిలో చెక్కిన రాజుల కిరీటాలకు మేకల్ని కట్టేసేది.

చలికాలంలో ఫిరంగీ దొరలు పడవల మీద వచ్చి గుడి బొమ్మలు గీసుకునేవారు. స్తంభాల ఎత్తు తెలియాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలి. బహీయ భర్త షహాతా నిలబడేవాడు. పారను చంకకింద ఊతం పెట్టుకుని, ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని, అలాగే కునుకు తీసేవాడు. "గోడమీద రాజు హాయిగా కూర్చున్నాడు, నాకే కాళ్లు లాగుతున్నాయి" అని నవ్వేవాడు. మొన్న వేసవిలో జ్వరంతో పోయాడు.

ఆ చలికాలం ఒక దొర, కిందటేడు మొదలుపెట్టిన పటం పూర్తిచేసుకోడానికి మళ్లీ వచ్చాడు. బహీయ మిద్దె మూల నుంచే గుడి స్తంభాలు బాగా కనబడతాయని అక్కడే పీట వేసుకున్నాడు. మంచినీళ్లు తెచ్చిన బహీయ పటం ముందు ఆగిపోయింది. స్తంభం పక్కన వేలెడంత మనిషి. మొహం లేదు, వీపే. కానీ ఆ పార, ఆ పాదాలు.

"మా ఆయనే" అంది.

దుబాసీ బుత్రుస్ తల గోక్కున్నాడు. "అవునత్తా. కానీ రేపు చెరిపేసి, వెనక స్తంభం మళ్లీ ఇక్కణ్ణుంచే చూసి గీస్తాడట. చిరుగుల చొక్కా బాలేదట. అక్కడ పట్టుబట్టల షేకుని పెడతాడట."

"మన ఊళ్లో పట్టుబట్టలు కట్టేదెవర్రా?"

"ఎవరూ లేరు. కొనేవాళ్లకి కావాలిట."

మర్నాడు పొద్దున్నే బహీయ పిండి పిసికి, మట్టిపళ్లాల మీద ముద్దలు పెట్టి, సరిగ్గా దొర పీట వేసుకునే చోట ఎండకు పరిచింది. ఎండలో రొట్టె పొంగుతుంటే ఆ ఊళ్లో పరాయివాళ్లెవరూ పళ్లెం ముట్టుకోరు. ఊరిపెద్ద అయినా చుట్టూ తిరిగి పోవలసిందే.

దొర తీసెయ్యమన్నాడు. బుత్రుస్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నా వల్ల కాదు దొరా. మా అమ్మ గుమ్మం ఎక్కనివ్వదు." బహీయ వైపు తిరిగి, "ఎప్పటికి పొంగుతాయని అడుగుతున్నాడత్తా" అన్నాడు.

"ఇవాళ ఇవి. రేపు ఇంకో వాయి. పిండికేం కొదవ లేదు. మా ఆయన్ని ఉండనిస్తే రేపటివి అవతలి మిద్దె మీద పెడతానని చెప్పు."

పడవ ఎల్లుండి బయలుదేరుతుంది. దొర రొట్టెల్ని చూశాడు, పటాన్ని చూశాడు. చివరికి సరేనని పళ్లాల ఇవతల ఇరుగ్గా పీట వేసుకుని, షహాతాను అలాగే ఉంచి, షేకుని పటంలో ఆ చివర, ఖాళీ ఇసుకలో దించాడు.

బహీయ వెనకనుంచి చూస్తూ, "ఎవరోగానీ, ఎండలో నిలబడ్డ మనిషిలా లేడు" అంది.

పొంగిన రొట్టెలు కాల్చి దొరకు వేడివేడిగా ఒకటి పెట్టింది. అతను తింటూ ఏదో అన్నాడు.

"కావాలంటే చొక్కా చిరుగు కప్పేస్తాడటత్తా. ఒక్క చుక్క రంగు చాలట."

"వద్దు. కుడతా ఇమ్మని ఎన్నిసార్లు అడిగానో. ఒంటిమీంచి తీస్తేగా."