దువ్వని పిల్లి, అందని తాండ్ర

ఇట్లా దగ్గరికొచ్చి కూర్చోండి, అయితే ఆ కుర్చీని ఒకసారి దులిపి మరీ కూర్చోండి, లేకుంటే లేచేటప్పుడు మీ చీర నిండా పిల్లిబొచ్చే. నలభై దాటిన మా అక్క కూతురు శ్రీ సిటీలో పనికి చేరి, ఆడ అద్దె ఇంట్లో పిల్లిని ఒప్పుకోలేదని, దూదిమూట లాంటి దీన్ని తెచ్చి తిరుపతిలో నా నెత్తిన పెట్టి పోయింది. పొద్దున్నే దువ్వు చిన్నమ్మా, లేకుంటే ఒళ్లు నాక్కొని నాక్కొని కడుపులో బొచ్చు ఉండ కడతాదని చెప్పి, ఒక బ్రష్షూ, ఒక ట్యూబు మందూ చేతిలో పెట్టింది. బొచ్చుండ సంగతి నాకు నేర్పేదానికి వచ్చింది ఈ బిడ్డ.

నా చిన్నప్పుడు మేము బంగారుపాళ్యం పక్కన, మామిడితోటల నడుమ ఉండేవాళ్లం. వేవిళ్లతో అత్తగారింట్లో ఉన్న అక్క, అమ్మ చేసే మామిడి తాండ్ర తినాలని ఉండాదని కబురు పెట్టింది. కడుపుతో ఉన్నామె కోరింది తినకుంటే పుట్టే బిడ్డకు చెవి కారతాదని మా పక్క గట్టి నమ్మకం, అందుకని అమ్మ మిద్దె మీద చాప పరిచి, దినానికొక పూతగా రసం పోసి ఎండబెట్టింది. ఎలకల కోసం పెట్టుకున్న పిల్లి మాకొకటి ఉండేది, ఎండాకాలం అది కూర్చున్న చోటల్లా బొచ్చే, ఆ బొచ్చు తాండ్రలో పడకుండా పొద్దున్నే పేన్ల దువ్వెనతో పిల్లిని దువ్వే పని నాకు పెట్టింది అమ్మ. ఆ పిల్లి గీరేది, కరిచేది, కడాకి విసుగుపుట్టి నాలుగు దినాలు దువ్వకుండానే దువ్వినానని చెప్పినాను.

అయిదో దినం అది మిద్దెక్కి, మెడ సాగదీసి, గరగరమని వేలంత బొచ్చుండ కక్కింది, సరిగ్గా తాండ్ర నడుమ.

"దువ్వినావా?" అని అడిగింది అమ్మ.

"దువ్వినాను."

అమ్మ ఆ ఉండను చూసింది, నన్ను చూసింది, చాప చుట్టి ఎత్తుకపోయి దిబ్బలో వేసింది. అప్పటికి తోటల్లో కాయ అయిపోయింది. తాండ్ర అందకుండానే అక్కకు కాన్పయింది, ఆ బిడ్డకు చెవి కారినప్పుడల్లా అమ్మ నా పక్కే చూసేది.

ఆ బిడ్డదే ఈ పిల్లి.

అందుకే పప్పులో బొచ్చు, పరుపులో బొచ్చు అని ఎంత తిట్టుకున్నా, దీన్ని ఒళ్లో వేసుకొని దువ్వేది ఒక్క పూట తప్పను. అప్పుడు పిల్లి మా ఇంటికి పనిచేసేది, ఇప్పుడు నేను పిల్లికి పనిమనిషినైనాను. అది చాలదన్నట్టు, దువ్వినట్టు దినమూ ఫోన్లో ఫోటో పంపమంటాది ఈమె, అక్క ఏం చెప్పిందో ఏమో. అమ్మ ఫోటో అడగలేదు, నాలుగు దినాలూ నా మాటే నమ్మింది.

మీ ఇంట కడుపుతో ఉన్నామె కోరింది కోరినట్టు చేతికందాల, మీ బిడ్డల మాట మీరు నమ్మేటట్టు ఉండాల, పోయి రండి తల్లీ, చీర మాత్రం దులుపుకోండి.