గ్లైడర్ రెక్కలో ముడులు

ఒక్క మనిషి మాత్రమే పట్టే పందెపు గ్లైడర్ విమానాన్ని సూరత్‌లో తయారు చేస్తున్నానంటే మా అడాజన్ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మలేదు. దానికి ఇంజన్ ఉండదని చెబితే నామీద జాలిపడ్డారు. నాకు వాళ్ల నమ్మకంతో పనిలేదు. గుడ్డను ముడత పడకుండా పరిచే చేతులు కావాలి. గ్లైడర్ రెక్కను చేయాలంటే అచ్చులో సన్నటి ఫైబర్‌గ్లాస్ గుడ్డలు పరిచి, రెసిన్ జిగురుతో తడిపి, గట్టిపడ్డాక బయటికి తీయాలి. నేను పరిస్తే అది పడుకుని లేచిన దుప్పటిలా ఉండేది.

అందుకని సూరత్ పక్కనే ఉన్న కడోదరాలో ముప్పై ఏళ్లు మగ్గాల మీద పనిచేసి మానేసిన ఒక తెలంగాణ పెద్దాయనను మా షెడ్డులో పెట్టుకున్నాను. కాకా అని పిలిచేదాన్ని. మొదటిరోజే ఆయన గుడ్డను చెంపకు ఆనించుకుని, "ఏం నున్నగున్నది బిడ్డా, దీన్ని చీర గట్టుకునేటోళ్లు లేరా?" అన్నాడు. గాజు నూగు గుచ్చుకుని సాయంత్రం దాకా చెంప గోక్కుంటూనే ఉన్నాడు.

ఆయన పరిచిన గుడ్డలో వెతికినా ముడత లేదు. తీరా రెక్కను అచ్చులోంచి తీస్తే పైన ఆవగింజల్లా నాలుగు బొడిపెలు. ఇంజన్ లేని దానికి నున్నదనమే బలం. బొడిపె తగిలితే గాలి చెదిరిపోతుంది, పందెంలో వెనకబడతాం. ఈ రెక్క పనికిరాకపోతే ఈ ఏడాది పందేనికి మేం లేనట్టే.

"తెగిన పోగులు కనవడ్డయి. ముడేసిన," అన్నాడు కాకా, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముడులు వేయమని ఎవరన్నారు? గుడ్డ అమ్మినవాడికి లేని బాధ నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకా?" అని అరిచాను.

"పోగు తెగితే ఇడిసిపెడ్తరా బిడ్డా? ముప్పై ఏండ్లల్ల ఒక్క తానుల గూడ గట్ల ఇడువలే."

ఆయన మొహం చిన్నబోయింది. నాకూ సిగ్గేసింది, కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. రేపట్నుంచి రావద్దని ఎలా చెప్పాలా అని ఒక పక్కన కూర్చుని మాటలు వెతుక్కుంటున్నాను. ఈలోగా ఆయన కళ్లు మూసుకుని, రెక్క మీద అరచేయి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. చేయి ఆగిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు. నాలుగు కాదు, తొమ్మిది.

"తొమ్మిదే ఏసిన," అన్నాడు. మళ్లీ వెనక్కి వచ్చి మధ్యలో ఇంకో సున్నా చుట్టాడు. అది చాటంత ఉంది.

"ఇక్కడ కూడా ముడేశావా?"

"ఇది నాది గాదు బిడ్డా. జర లోపలికి పోయింది. గుడ్డల లేదు, అచ్చులనే ఉన్నది."

ఆ అచ్చును ఏడాదిన్నర పాటు, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, నా చేతులతో నేనే నునుపు చేశాను. వెంటనే లేచి స్కేలు ఆనించి చూశాను. రెక్కలో పల్లం ఉంది, అచ్చులో సరిగ్గా అక్కడే ఎత్తు ఉంది. ముడులైతే రెండు రోజుల్లో గీకేయొచ్చు. అచ్చే తప్పయితే అందులోంచి వచ్చే ప్రతి రెక్కా తప్పే. ఈ ఏడాది పందెం లేదని అప్పుడే అర్థమైంది. దానికి కారణం ముడులు కాదు, నేను.

ఈసారి ఎవరి మీద అరవాలో తెలియక నిలబడిపోయాను. కాకా గరుకు కాగితాన్ని రెండు ముక్కలుగా చింపి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నాయి నేను గీక్త. నీది నువ్వు గీకు."