పంచుకున్న ఇంట్లో వంటింటి ప్లగ్గు

వంటింటి ప్లగ్గు షాకు కొడితే మీరు ముందు ఎవరిని పిలుస్తారు, ఎలక్ట్రీషియన్నా, వాస్తు సిద్ధాంతినా? నిజం చెప్పండి. మా అమ్మ సిద్ధాంతిని పిలిచింది.

తొంభైల చివర్లో, కాకినాడ దగ్గర మా ఊళ్ళోని ఇంటిని అన్నయ్యా నేనూ పంచుకున్నాం. నడవకు అడ్డంగా గోడ కట్టి, ఎవరి వాటాకి వారు మీటరు పెట్టించుకున్నాం. కొన్నాళ్ళకి మా వంటింటి గోడకున్న మిక్సీ ప్లగ్గు బీటలు వారింది. పిన్ను లాగబోయిన నా భార్యకి మోచేతి దాకా షాకు కొట్టింది.

ఈశాన్యంలో అగ్ని ఉండకూడదని, బోర్డు ఆగ్నేయానికి మార్చాలని సిద్ధాంతి తేల్చాడు. కరెంటుకి దిక్కులు తెలుసా? నాకు ఆయన మీదే కాదు, ప్లగ్గున్న ఆ పాత గోడ మీదా అనుమానమే.

ఆదివారం కొత్త ప్లగ్గు తెచ్చి మెయిన్ కట్టేశాను. ఫ్యాన్లు ఆగాయి. అన్నయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు.

"తప్పుకోరా, నేను విప్పేస్తాను."

"ఆగు అన్నయ్యా, టెస్టరు పెట్టి చూడనీ."

"దేవుణ్ణి నమ్మవు, సిద్ధాంతిని నమ్మవు. నువ్వు కట్టిన మెయిన్ని కూడా నమ్మవేంట్రా?"

"నేను కట్టాను కాబట్టే నమ్మను."

టెస్టరు పనిచేస్తోందో లేదో అన్నయ్య వాటాలోని ప్లగ్గులో ముందే చూసుకున్నాను. ఇప్పుడు మా ప్లగ్గులో పెట్టాను. ఎర్రగా వెలిగింది.

"ఏవండీ, ఫ్యాను తిరగట్లేదు కదండీ! ఇదేంటి?" అంది నా భార్య. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ గోడకి అవతల అన్నయ్య వంటిల్లు. మీటర్లు విడగొట్టించాం గానీ, పాత గోడలోని వైర్లని ఎవరూ విప్పి చూడలేదు. అన్నయ్య వెళ్ళి తన మెయిన్ కూడా కట్టేశాడు. టెస్టరు ఆరింది; మా ప్లగ్గుకి కరెంటు అన్నయ్య లైను నుంచే వస్తోందన్నమాట. వెంటనే అవతల నుంచి వదిన కేక:

"ఏంటి మరిదిగారూ, నాస్తికుల యజ్ఞం మొదలెట్టారా? నా పచ్చడి సగంలో ఆగిపోయింది!"

ఆమెనే ఆ మెయిన్ దగ్గర కాపలా పెట్టాం. పక్కింట్లో టెస్టరు మరోసారి చూసుకుని వచ్చి, మా ప్లగ్గు రంధ్రాలన్నిట్లో పెట్టి చూశాక గానీ స్క్రూ తిప్పలేదు. పాత ప్లగ్గులో ఏ వైరు ఎక్కడుందో చూసి, కొత్త దాంట్లో అక్కడే గట్టిగా బిగించాను. మర్నాడు ఎలక్ట్రీషియను వచ్చి రెండు వాటాల లైన్లూ వేరు చేసేదాకా ఆ ప్లగ్గు ఎవర్నీ ముట్టనివ్వలేదు.

"అయినా ఆ మూల మంచిది కాదురా," అంది అమ్మ. ఆమె మనసు మార్చలేకపోయాను. అన్నయ్య మాత్రం ఆ రోజంతా తన వేళ్ళకేసి చూసుకుంటూనే ఉన్నాడు.

మన వైపు ఇళ్ళు పంచుకోవడం మామూలే. మీదీ అలాంటి ఇల్లయితే పక్క వాటావాళ్ళని ఇవాళే పిలవండి, వాళ్ళ మెయిన్ అలాగే ఉంచి, మీ మెయిన్ కట్టి, మీ ప్రతి ప్లగ్గులోనూ టెస్టరు పెట్టి చూడండి. ఒక్కటి వెలిగినా స్క్రూడ్రైవరు కింద పెట్టి ఎలక్ట్రీషియన్ని పిలవండి.