వేలెడు తప్పు

లక్సెట్టిపేట జలపతిరావు వేసే మొదటి రంధ్రం ఎప్పుడూ వేలెడు తప్పేది. రెండోది సరిగ్గా పడేది. ఆయన ఇంట్లో గోడగడియారం ఎత్తి చూస్తే దాని వెనక రెండు రంధ్రాలు. మోటారు స్టార్టర్ పలక విప్పితే దాని కింద రెండు. పంకా గిన్నె కిందికి దించితే అక్కడా రెండే. కొలవక తప్పేది కాదు. టేపుతో కొలిచేవాడు, దారంతో కొలిచేవాడు, జానతో కొలిచేవాడు. మూడూ ఒకే లెక్క చెప్పాక, కళ్లు మూసుకుని ఇంటిదేవుడికి దండం పెట్టుకుని, నాలుగో చోట డ్రిల్లు పెట్టేవాడు.

"మా ఇంట్ల జల్లెడ కొనే పనిలేదు, గోడలే జల్లెడలు" అనేది ఆయన భార్య జానకీబాయి.

మెకానిక్‌ను పిలవొచ్చు కదా అంటే వినడు. కడెం కాలువ కింద పొలం ఉంది, తిండికి లోటు లేదు, కానీ ఇంట్లో పని ఇంట్లోనే, తన చేత్తోనే కావాలి. తప్పయ్యాక మాత్రం ఆ వేషంలోనే, బనీను మీద, జుట్టునిండా సిమెంటు పొడితో పక్క వీధిలోని గులాం నబీ ఇంటికి పరుగెత్తేవాడు.

"ఉస్తాద్, వేలెడు తప్పింది!"

ఈ కేక గులాం నబీకి చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుండేది. ముప్పై ఏళ్లు బస్టాండు పక్కన వర్క్‌షాపు నడిపిన మనిషి. ఉట్నూర్ జీపులూ ఖానాపూర్ ట్రాక్టర్లూ ఆయన కోసం వరుస కట్టేవి. బండి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యిని తీసుకుపోయింది. వర్క్‌షాపుకు తాళం పడింది.

చెయ్యి పోయిన బాధ ఒక ఎత్తు, ఊరి మెత్తదనం ఒక ఎత్తు. ఒకప్పుడు ఆయన తిట్లకు జడిసి జీపు కింద దాక్కున్న డ్రైవర్లు ఇప్పుడు వచ్చి, "పైలం ఉస్తాద్, ఎండల తిరగకు" అని పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పిపోయేవారు. ఎవరూ ఆయనతో పోట్లాడరు, ఎదురు చెప్పరు. భార్య బిస్మిల్లా బీ అయితే అన్నం పిసికి మరీ పెట్టేది. ఆ మెత్తని ముద్ద గొంతులో రాయిలా అడ్డం పడేది. చచ్చినవాణ్ణి కూడా ఇంతకన్నా గట్టిగా మోస్తారని ఆయన లోలోపల ఉడికిపోయేవాడు. గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే జలపతిరావు మొదటి రంధ్రం తప్పింది. అది స్టార్టర్ పలకది. "రాను" అన్నాడు గులాం నబీ. "నీళ్లు ఆగిపోయినయ్, వరి ఎండుతది" అన్నాడు జలపతిరావు. గులాం నబీ తిట్టుకుంటూ లేచాడు. అప్పట్నుంచి వారానికో తప్పు. ఉస్తాద్ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో చూపిస్తూ తిట్టడం, జలపతిరావు చెమటలు కక్కుతూ చెయ్యడం.

బయట గులాం నబీకి జలపతిరావు "రావు సాబ్, మీరు". పనిముట్టు పట్టుకున్న క్షణం నుంచి "నువ్వు". వర్క్‌షాపు ఆచారం అది. అక్కడ ఉస్తాదూ, పని నేర్చుకునే షాగిర్దూ తప్ప మూడో కులం లేదు.

"నా చెయ్యి సచ్చింది. నీ చెయ్యి ఇంకా పుట్టనే లే."

"నిజమే ఉస్తాద్."

"నిజమే ఉస్తాద్ గాదు, పానా సీదా పట్టు! గది పానా, గరిటె గాదు."

"పట్టిన ఉస్తాద్."

పని వచ్చినవాడి చెయ్యి తీసుకుని, పని రానివాడికి రెండు చేతులు వదిలేశాడు దేవుడు. ఇదేం ఇన్సాఫ్, ఇదేం న్యాయం అని గులాం నబీ ప్రతిసారీ అనుకునేవాడు. అనుకుంటూనే సాయంత్రందాకా ఉండిపోయేవాడు.

తొంభైమూడు వేసవిలో జలపతిరావు మీగడరంగు మారుతి కారు కొన్నాడు. నెల తిరక్కుండానే హైదరాబాదు వెళ్లి పొడుగాటి అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో స్పాయిలర్ ఉంది. కారు వెనక గాజు కింద, డిక్కీ తలుపు మీద తగిలించే రెక్క అది. వేగంగా పోయే కారును గాలి ఎత్తెయ్యకుండా నేలకు అదిమి పడుతుందట. జలపతిరావు నడిపితే సైకిళ్లు గంట కొట్టి మరీ కారును దాటిపోయేవి.

"వడియాలు ఎండవెట్టనీకా బిడ్డా?" అని అడిగింది ఎదురింటి బుచ్చవ్వ.

రెక్కకు రెండు కాళ్లు, ఒక్కో కాలికి రెండు బోల్టులు. అంటే డిక్కీ తలుపుకు నాలుగు రంధ్రాలు వెయ్యాలి. జానకీబాయి కారుకు అడ్డం నిలబడింది. పెళ్లయిన పాతికేళ్లకు ఇంటికొచ్చిన కొత్త వస్తువు, రంధ్రం లేని వస్తువు అదొక్కటే.

"ఏమయ్యా, గీ ఒక్కదాన్నన్న ఇడిసిపెట్టు."

"మూడుసార్లు కొలిచిన, జానకీ."

"గందుకే భయం!"

గంట తర్వాత పక్క వీధిలో కేక వినిపించింది. "ఉస్తాద్, వేలెడు తప్పింది!"

గులాం నబీ వచ్చి చూశాడు. రంగు గీరుకుపోకుండా రేకు మీద కాగితపు టేపు అంటించి ఉంది. దాని మీద పెన్సిలు గీతలు. వాటి నడుమ కొత్త కారు ఒంట్లో గుండ్రటి పొక్క.

"గాడిద గూడ గింత తెలివితక్కువ పని చెయ్యది! ఏ కండ్లతోటి కొలిచినవ్?"

"రెండు కండ్లతోని ఉస్తాద్."

జానకీబాయి మొగుణ్ణి కడిగిపారేసింది. తర్వాత ఉస్తాద్ వైపు తిరగగానే గొంతు దించి, "నువ్వు నీడల కూసో నబీ భాయ్. పాణం బాగలేనోనివి, అరవకు" అంది. ఆ మాటతో ఆయన కోపం సగంలోనే చచ్చిపోయింది. ఎదుటివాళ్లు కోపగించుకునే పాటి కూడా లేకుండా పోయాను కదా అని నోరు చేదెక్కింది.

కరెంటు పోయింది. జలపతిరావు మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాడు, జానకీబాయి వెనకాలే వెళ్లింది. రంధ్రం చుట్టూ రంగు పెచ్చులూడిందేమో చూద్దామని గులాం నబీ ఎడమచేతి గోటితో టేపు పైకి లేపాడు.

టేపు కింద నాలుగు చుక్కలున్నాయి.

డ్రిల్లు జారకుండా ముందుగా పంచు పెట్టి సుత్తితో కొట్టే చుక్కలవి. అట్టపెట్టెలో వచ్చిన కొలతల కాగితం తీసి వాటి మీద పరిచాడు. నాలుగింటికి నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. ఇంత నికార్సయిన చుక్కలు తన వర్క్‌షాపులో కూడా తను తప్ప ఎవరూ కొట్టలేదు. తప్పు రంధ్రం చుక్కకు వేలెడు లోపలికి ఉంది. రెక్క కాలు కూర్చుంటే, అది కాలి కిందికి పోతుంది. ఎవరికీ కనబడదు.

ఆయన కుర్చీలో కూర్చుని లెక్కేసుకున్నాడు. గడియారం వెనక రంధ్రం. పలక కింద రంధ్రం. పంకా గిన్నె లోపల రంధ్రం. చేతకానివాడి తప్పులు నలుదిక్కులా పోతాయి. ఈ మనిషి తప్పులన్నీ మూడేళ్లుగా మూత కిందికే పోయాయి.

జలపతిరావు చెంబుతో వచ్చాడు.

"రావు సాబ్, గీ చుక్కలు ఎవరు పెట్టిన్రు?"

"కంపెనోళ్లు."

"కంపెనోళ్లు లక్సెట్టిపేట దాంక వచ్చి పెట్టిపోయిన్రా?"

జలపతిరావుకు రంధ్రాలు వెయ్యడం వచ్చు గాని అబద్ధాలాడడం రాదు. చెంబు కింద పెట్టి నేల చూశాడు.

"మూడేండ్ల సంది నాకు బిచ్చం ఏస్తున్నవా?" గులాం నబీ కుర్చీలోంచి లేచాడు. "ఊరోళ్లు ఎదురుంగ మెత్తగ మాట్లాడుతున్నరు. నువ్వు చాటుంగ జేసినవ్. గంతే ఫరక్!"

"బిచ్చం గాదు ఉస్తాద్. ఊకె రమ్మంటే వచ్చెటోనివా?"

"వచ్చెటోన్ని గాదు."

"నువ్వు గోడ దిక్కు తిరిగి కూసుంటే సూడలేకపోయిన. బస్టాండ్ల నువ్వు తిడుతుంటే ఊరంత ఇనవడేది. గది లేకుంటే నాకు ఊరు ఊరనిపియ్యలే."

"గందుకని కొత్త కారుకు పొక్క పెడ్తవా?"

"ఏం జెయ్యమంటవ్? ఇంట్ల పొక్క పెట్టని జాగ మిగల్లే. గందుకే హైదరాబాద్ పోయి గీ రెక్క తెచ్చిన."

గులాం నబీ కొలతల కాగితం మడిచి అట్టపెట్టెలో పెట్టాడు. లోపల పంకా కిర్రుమంది. కరెంటు వచ్చింది.

"డ్రిల్లు ఇటియ్యి" అన్నాడు.

"నువ్వా, ఉస్తాద్?"

"ఎడమది ఇంక బతికే ఉన్నది. ఇటియ్యి!"

మూడేళ్ల తర్వాత పనిముట్టు పట్టుకున్నాడు. భుజం కారుకు ఆనించి, పళ్లు బిగించి, డ్రిల్లు చుక్క మీద పెట్టాడు. మిషను గర్రుమంది. అలవాటు లేని ఎడమచెయ్యి ఒక్క క్షణం నిలిచింది, తర్వాత జారింది. మీగడరంగు మీద జానెడు గీత గీసుకుంటూ పోయి, కాలూ కప్పలేని, రెక్కా దాచలేని చోట, డిక్కీ తలుపు నట్టనడుమ రంధ్రం పడింది.

చప్పుడు విని జానకీబాయి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు జేసిన్రిది?"

"నేనే" అన్నాడు జలపతిరావు.

"ఆయన గాదమ్మా" అన్నాడు గులాం నబీ, ఛాతీ విరుచుకుని. "నేను."

జానకీబాయి మెత్తగానే మొదలుపెట్టాలనుకుంది. "నబీ భాయ్..." అంది. కానీ చూపు గీత మీద పడింది. మూడేళ్ల ఓపిక ఒక్కసారిగా తెగింది.

"కండ్లు ఏడ పెట్టినవ్ నబీ భాయ్? ముప్పై ఏండ్లు గిదేనా నేర్సుకున్నది? ఆయనకైతే మతి లేదనుకుంటే, నువ్వు గింత పెద్ద ఉస్తాదువు, నీకేం పుట్టింది? కొత్త కారు! ఇప్పుడు దీన్నెట్ల బాగుజేస్తవ్? జెప్పు! బాగుజేసిందాంక ఇంటికి పోయినవా సూడు!"

బుచ్చవ్వ గుమ్మంలోకి వచ్చింది. దారినపోయేవాళ్లు ఆగారు. గులాం నబీ తల వంచుకుని నిలబడ్డాడు. మూడేళ్లలో ఆయనతో గట్టిగా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఒక్కొక్క తిట్టూ ఎండకు ఎండిన ఒంటి మీద చెంబెడు చన్నీళ్లలా పడుతుంటే, మీసం కిందినుంచి నవ్వు తోసుకొస్తోంది. ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, అయిపోయిందేమోనని ఆయనకు దిగులేసింది.

"రేపు పుట్టీ పెట్టి, రంగు కొట్టి సాఫ్ జేస్తనమ్మా" అన్నాడు. "జర పక్కకు జరుగు. పని మధ్యల ఉన్నది."

"ఇంకా పొక్కలా? ఇంకెన్ని?"

గులాం నబీ కారు వంక చూసి లెక్కపెట్టాడు. వెయ్యాల్సినవి నాలుగు. వేసినవి రెండు, రెండూ తప్పే.

"ఇంక నాలుగు" అన్నాడు.