సుందరమ్మ వేసిన నాలుగు కుర్చీలు

సుందరమ్మకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఊళ్ళో పెద్దమనుషులకి అంతకన్నా ఇబ్బందైన జబ్బు ఇంకోటి లేదు గానీ, ఆ సంగతి వాళ్ళకి తెలిసిరావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

కొత్తపేటకి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో రైతుసంఘం భవనం ఊడ్చేది ఆవిడే. తగువు ఉన్న రోజున వరండా కడిగి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, బిందెడు మంచినీళ్ళు పెట్టి, చీపురు పట్టుకుని స్తంభం పక్కన నిలబడేది. పోలీసుస్టేషనూ అమలాపురం కోర్టూ ఉండగా మళ్ళీ ఈ కుర్చీలేమిటి అంటారేమో. కోర్టుకెక్కితే వాయిదాలకే చెప్పులరిగిపోతాయని అక్కడివాళ్ళ నమ్మకం. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

కుర్చీల్లో కూర్చునే నలుగురినీ ఎంచేది నారాయణమూర్తిగారు. చాలా మర్యాదస్తుడు. ఆయన ఎంచిన నలుగురూ ఎప్పుడూ పెద్దవీధి వాళ్ళే అయ్యేవారు. కాలవగట్టు మీద నూటయాభై గడప ఉంది, ఒక్కరంటే ఒక్కరు ఆ కుర్చీ ఎక్కిన పాపాన పోలేదు. అలాగని కులం మాట ఎవరైనా ఎత్తారా? రామ రామ! అంత మోటుగా మాట్లాడితే అది కోనసీమ ఎందుకవుతుంది? గట్టు మీద మనిషి పేరు వచ్చినప్పుడల్లా నారాయణమూర్తిగారికి ఆ మనిషి మీద ఎక్కడలేని జాలీ పుట్టుకొచ్చేది, అంతే. ఒకడికి పని చెడుతుందని జాలి. ఇంకొకడు వాదికి దూరపు చుట్టం, రేపు మాటపడతాడేమోనని జాలి. డ్వాక్రా సంఘం నడిపే గంగాదేవి పేరు ఎవరో అంటే, మగవాళ్ళ అరుపుల మధ్య ఆడకూతురికి తలనొప్పి వస్తుందని మరీ జాలి. అందరికీ ఒకటే మాట: "మీకెందుకండీ శ్రమ?"

సుందరమ్మ పెనిమిటికి కూడా ఆ జాలి దక్కింది. ఒకసారి ఆయన పేరు వస్తే, పాపం దగ్గుతో ఉన్నాడు, పడుకోనివ్వండి అన్నారు. ఆ దగ్గు రెండు రోజుల్లో తగ్గిపోయింది. తరవాత ఆయన పదకొండేళ్ళు బతికాడు. ఎప్పుడైనా పిలుస్తారేమోనని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఒకటి దండెం మీద ఉంచుకునేవాడు, పిచ్చి మారాజు. చివరికి ఆ చొక్కా ఆయనతోపాటే పోయింది.

ఇలా ఉండగా మొన్న జూన్‌లో తగువు ఆవిడ గుమ్మంలోకే వచ్చింది. కొడుకు నాగసతీష్‌ది కొబ్బరి దింపు పని. పెద్దవీధి అమ్మిరాజుగారి తోటలో కాయలు దింపి, ఆయన చూపించిన చోట రాశి పోసి ఇంటికొచ్చాడు. మర్నాడు చూస్తే సగం రాశి లేదు. ఆఖరున తోటలో ఉన్నది ఎవడు? సతీష్. ఇంకేం, దొంగ దొరికాడన్నారు. ఆ నలుగురూ కూడా అదే మాట అంటే ఊళ్ళో ఏ రైతూ వాణ్ణి చెట్టు ఛాయలకి రానివ్వడు. వాడికి చెట్టెక్కడం తప్ప ఇంకో విద్య రాదు.

తగువుకి ముందు రోజు వరండా ఊడుస్తూ, అటుగా వచ్చిన నారాయణమూర్తిగారికి కాలవనీళ్ళ సంగతేదో చెప్పింది. ఆయన ఆప్యాయంగా విని, ఆ మూల చెత్త ఉండిపోయింది చూడు సుందరమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న తన చేత్తోనే నాలుగు కుర్చీలూ వేసింది. నారాయణమూర్తిగారు, చిన్నబ్బాయిగారు, సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు, రొయ్యల చెరువుల మంగరాజుగారు వచ్చి కూర్చున్నారు. తగువు మొదలెట్టే ముందు అక్కడ ఒక పద్ధతుంది. ఈ నలుగురూ మీకు సమ్మతమేనా అని రెండు పక్షాలనీ అడుగుతారు. ఆయ్ అనాలి. పెళ్ళిలో భోజనం బాగుందా అని అడిగినట్టే ఇదీను, ఇంకో జవాబు చెప్పినవాడు లేడు. అమ్మిరాజుగారు ఆయ్ అన్నారు. సతీష్ కూడా నోరు తెరవబోయాడు. సుందరమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ గొంతు పూతరేకంత మెత్తగా ఉంది.

"చిన్నబ్బాయిగారండీ, తమరు పొద్దుటినించీ దగ్గుతున్నారండి. మా ఆయన్ని దగ్గుందనే కదండీ పడుకోమన్నారు. తమకెందుకండీ శ్రమ?"

చిన్నబ్బాయిగారు వస్తున్న దగ్గుని మింగబోయి, మింగలేక, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఆవిడ పక్క కుర్చీకి తిరిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు అమ్మిరాజుగారికి స్వయానా బావగారు. దూరపు చుట్టరికం ఉందనే గట్టు మీద మనిషిని మాటపడకుండా కాపాడారు కదా, దగ్గర చుట్టాన్ని ఇంకెంత కాపాడుకోవాలండీ అంది. తన వంతు వచ్చేలోపల మంగరాజుగారే లేచి నిలబడ్డారు. చెరువు దగ్గర మోటారు ఆగిపోయిందని ఫోనొచ్చిందట. ఆయన ఫోను మోగిన చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

మిగిలింది నారాయణమూర్తిగారు. ఇరవై రెండేళ్ళుగా తాను పంచిపెట్టిన జాలి అంతా తిరిగి తన వరండాలోకే వచ్చిపడేసరికి ఆయన మొహం కందగడ్డలా అయింది. మరి నాకేం వంక పెడతావు సుందరమ్మా అని అడిగారు.

"తమకేం వంక లేదండి. కూర్చోండి. మా ఆయనకీ ఏ వంకా లేదండి, పదకొండేళ్ళు."

నారాయణమూర్తిగారు తల వంచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో ఎవరో ఒకరు నిలదీసేవారు. చివరికి ఆయనే, ఎవరిని కూర్చోబెట్టమంటావో చెప్పమన్నారు. సుందరమ్మ నలుగురూ తనవాళ్ళే కావాలనలేదు. మంగరాజుగారిని మోటారు సంగతి తరవాత చూసుకోవచ్చని చెప్పి మళ్ళీ కూర్చోబెట్టింది. గట్టు మీంచి గంగాదేవినీ, ఆటో నడిపే దుర్గాసాయినీ పిలిచింది. వీధికి ఇద్దరు. ఇది మాకు సమ్మతమేనండి అంది. అమ్మిరాజుగారు కూడా నీళ్ళు నమిలి నమిలి సరేనన్నారు.

గంగాదేవి కుర్చీలో సర్దుకుని కూర్చుని ఒక్కటే ప్రశ్న అడిగింది. రాశి ఎక్కడ పోయించారండీ?

కాలవ ఎండి ఉంది కదా, ట్రాక్టరు అక్కడికే దింపి ఎత్తుకోవడానికి వీలుగా ఉంటుందని గట్టు దిగువన పోయించానన్నారు అమ్మిరాజుగారు.

రాశి పోసిన మర్నాడు తెల్లవారుజామునే కదండీ కాలవకి కొత్తనీరు వదిలారు, అంది గంగాదేవి. మొదటి నీరు ఒక్క ఉరుకున వస్తుంది, ఒడ్డున ఉన్నది ఎత్తుకుపోతుంది, పొద్దెక్కేసరికి రెండడుగులు దిగి ఏమీ ఎరగనట్టు పారుతుంది. గట్టు మీద ఉండేవాళ్ళు ఏటా ఆ రోజున గిన్నెలూ కోళ్ళగంపలూ పైకి తెచ్చుకుంటారు. పెద్దవీధికి ఆ బాధ లేదు, కాబట్టి ఆ జ్ఞానమూ లేదు. దుర్గాసాయి ఆటో తీసుకుని దిగువ వంతెన దగ్గరికి వెళ్ళాడు. అరగంటలో ఫొటో పంపాడు. తూము దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని అమ్మిరాజుగారి కాయలు హాయిగా తేలుతున్నాయి.

సతీష్ మెట్టు మీద కూలబడి ఏడ్చేశాడు. అమ్మిరాజుగారు, పోనీలే, జరిగిందేదో జరిగింది, రేపటినించి మళ్ళీ దింపుకి రారా అన్నారు. క్షమించమన్న మాట అందులోనే ఎక్కడో ఉందనుకోవాలి.

అందరూ లేచాక సుందరమ్మ కుర్చీలు తీసి ఒకదాని మీదొకటి పేరుస్తోంది. నారాయణమూర్తిగారు దగ్గరికొచ్చి, కాస్త నిష్ఠూరంగా, కాస్త ప్రేమగా అన్నారు:

"ఆ నీళ్ళ సంగతి నీకూ తెలిసే ఉంటుంది కదా సుందరమ్మా. ముందే నాతో ఓ మాట చెప్పుంటే ఇంతమందిలో ఈ రభస ఉండేది కాదు."

"చెప్పేనండి," అంది సుందరమ్మ. "నిన్న ఇక్కడే, ఊడుస్తూ చెప్పేను. గంగాదేవి కూర్చుని చెప్పింది కదండీ, అందుకని వినపడింది."