కారు ఆగకముందు ముచ్చట

గంగారాం కాక గురించి నేను ఎప్పుడో రాయవలసింది. రాయడం రాక రాయలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి నా చేతిలో కత్తెర, ఒళ్లో బీడీల చాట ఉండేవి. పలక పట్టే తీరిక దొరకలేదు. కోరుట్లలో మా వాడకు ఒక టీచరమ్మ వచ్చి, బీడీలు చుట్టే ఆడవాళ్లను మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే నాటికి నాకు మనుమరాలు పుట్టింది. ఇవ్వాళ పక్కింటాయన మోటారు సైకిలు ఎంతకూ లేవక, కిక్కు కొట్టీ కొట్టీ విసిగి వదిలేశాడు. పెట్రోలు వాసన కిటికీలోంచి వచ్చి గది నిండా పరుచుకుంది. దానితోపాటే జగిత్యాలలో కాక కార్లు బాగుచేసే షెడ్డు, నూనె మరకల బనీను, మెలితిప్పిన మీసం కళ్ల ముందుకొచ్చాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయనను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా ఆయన రాజేశానికి ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉండేది. కొత్త కార్లు ఎన్ని వచ్చినా, పెళ్లికూతురిని అట్లాంటి పాత కారులో సాగనంపడం మా దగ్గర ఒక మోజు. కారుకు పూలు కట్టడం నా పని కాబట్టి పెళ్లిళ్లకు నేనూ వెంట వెళ్లేదాన్ని. ఆ కారుకు ఒక జబ్బు పట్టుకుంది. ఇంటి దగ్గర తాళం తిప్పగానే లేచేది. పెళ్లి దగ్గర మాత్రం ఒక్కోసారి మొరాయించేది. సెల్ఫ్ తిరిగేది, ఇంజన్ అందుకునేది కాదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచేది. కాక దగ్గరికి తీసుకుపోతే ఎన్నిసార్లు తిప్పినా ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఓ రాజేశం, నీ కారు నన్ను చూస్తెనే దండం పెడుతున్నది. నీ మొకం నచ్చక మొరాయిస్తుందేమో సూసుకో" అని ఎగతాళి చేసి, బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. "ఇగ మళ్ల ఆగితే నా మీసం గీకిస్త, పో" అన్నాడు. కాక ఒంట్లో వినయం లేదు.

తరువాతి పెళ్లి సిరిసిల్లలో, ఒక నేత కుటుంబానిది. అప్పగింతలయ్యాయి. పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడ్చి వచ్చి కారులో కూర్చుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరుగుతూనే ఉంది. బాజావాళ్లు వాయించడం ఆపేశారు. "గడప దాటకముందే గిట్లయితే పిల్ల బతుకు ఎట్లుంటదో" అంది ఒక ముసలమ్మ. పెళ్లికూతురి తల్లి నన్ను తిట్టలేదు. "బండి మంచిగున్నదంటిరి గదా అక్కా" అంది, అంతే. నేను కట్టిన పూలు నేనే విప్పి వాళ్ల చుట్టాల కారుకు కట్టాను.

ఆ మాట ఊళ్లు దాటింది. కథలాపూర్ వాళ్లు, సారంగాపూర్ వాళ్లు మీ కారు వద్దని కబురు పెట్టారు. రాయికల్ పెళ్లి ఒక్కటే మిగిలింది. మా ఆయన జగిత్యాల పోయి తన పాస్‌పోర్టు దుబాయ్ ఏజెంటు చేతిలో పెట్టి వచ్చాడు. "కారు అమ్మేస్త. దుబాయ్ల డ్రైవర్ పని ఉన్నదట" అన్నాడు. మొగుడు ఫోనులో మాత్రమే ఉండే ఇళ్లు మా వాడలో ఎన్నో. సెలవు మీద వచ్చిన తండ్రిని చూసి పిల్ల తల్లి కొంగు చాటుకు దాక్కోవడం నేను చూశాను. నాకు ఆ బతుకు వద్దు. "రాయికల్ పెండ్లి కంటె ముందు ఒక్కసారి కాకకు చూపిద్దాం" అని పట్టుబట్టి కారెక్కాను.

షెడ్డులో కాక పై పెదవి బోడిగా ఉంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"సిరిసిల్ల సంగతి నాకు ఎరుకైంది. మాటంటె మాటే గద" అన్నాడు కాక. "నవ్వు బిడ్డా, ఆపుకోకు. ఇంట్ల మీ చిన్నమ్మ పొద్దటి సంది నవ్వుడే."

ఆ రోజు ఆయన బానెట్ తెరవలేదు. మా ఆయన చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు ఆగిన ముచ్చటే చెప్తవు. ఆగినంక ఏమైందో అందరు చెప్తరు. బిడ్డా, నువ్వు చెప్పు. ఆగకముందు ఏమేం జరిగింది? కారు సంగతి వద్దు, పెండ్లి సంగతి చెప్పు."

నన్ను అంతవరకు ఎవరూ ఏదీ అట్లా అడగలేదు. పెళ్లికూతురి ఒడిలో బియ్యం పోసిన దగ్గరి నుంచి వరుసగా చెప్పాను. కాక ముక్కాలి పీట మీద కూర్చుని, "అటెనుక?" అంటూ విన్నాడు.

"నిమ్మకాయలు పెట్టిన్రు. కాయ కొట్టిన్రు. ఈయన బానెట్ లేపి ఆ నీళ్లు పోసిండు."

"ఇంజన్ మీదనా?"

"సల్లగ ఉండాలని కాకా" అన్నాడు మా ఆయన. "ప్రతి పెండ్లికి పోస్త. మరి సిరిసిల్ల కంటె ముందు జగిత్యాల పెండ్లిల ఎందుకు ఆగలె?"

"ఆ కాయ ఎండుది. అండ్ల నీళ్లే లేవు" అన్నాను నేను.

కాక పీట మీద నుంచి లేచాడు. ఎదురు దుకాణం నుంచి కొబ్బరికాయ తెప్పించి, మా ఆయన చేతనే కొట్టించి, ఎప్పటిలాగే పోయమన్నాడు. తాళం తిప్పితే కారు లేవలేదు. తీగలు గుచ్చిన ఒక నల్లటి మూతను ఊడదీసి, పొడి గుడ్డతో లోపలా బయటా తుడిచి పెట్టాడు. ఒక్క తిప్పుకు లేచింది. "ప్లగ్గులకు కరెంటు పంచేది గీ మూతనే. దీని మీద తడి ఉంటె కరెంటు దారి తప్పుతది. వేడికి ఎండినంక మళ్ల మామూలే" అన్నాడు.

మా ఆయన తల దించుకున్నాడు. "గీ ముచ్చట ఎవరికి చెప్పకు కాకా."

"నా మీసం ముచ్చట నువ్వు చెప్పకు, నీ కొబ్బరినీళ్ల ముచ్చట నేను చెప్ప. పూజ మానకు. నీళ్లు చక్రం మీద పొయ్యి. మోసేది అదే గద!"

కాక పని నేను నేర్చుకోలేదు. అడిగే తీరు నేర్చుకున్నాను. కోడలు అలిగినా, మనుమరాలు బడికి పోనని మొండికేసినా, ముందు ఏం జరిగిందని అడుగుతాను. ఓపికగా వింటే చాలాసార్లు వాళ్ల మాటల్లోనే కారణం దొరుకుతుంది.

ఆ రోజు షెడ్డు నుంచి ఇంటికి వస్తూ మా ఆయన, "రాయికల్ పెండ్లి కానీ, అటెనుక పాస్‌పోర్టు సంగతి చూద్దాం" అన్నాడు. తెల్లవారితే రాయికల్ పెళ్లి. పొద్దున్నే నేను కారుకు బంతిపూలు కట్టి, ఆయనను ఒక్కణ్నే పంపి, జగిత్యాల బస్సెక్కాను.

"నీ భర్త రాలేదా అమ్మా?" అన్నాడు ఏజెంటు.

"రాయికల్ పెండ్లికి కారు తీస్కపోయిండు."

"అది ఆగుతదంట గద?"

"ఆగది. పాస్‌పోర్టు ఇయ్యున్రి" అని చెయ్యి చాపాను.