గోరువెచ్చని పొద్దులు

వీధిలో అందరూ దర్జీ అత్తయ్య అని పిలిచే ఆమెకు కీళ్లవాతం వచ్చి పన్నెండేళ్లయింది. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారిపోయేవి. మొదట్లో పంతానికి పోయి కత్తెర పట్టి, నొప్పికి ఏడ్చేది. డాక్టరమ్మ మందులు మార్చాక నొప్పి తగ్గింది కానీ పొద్దుటి బిగుతు పూర్తిగా పోలేదు. అందుకే పదింటిదాకా మిషన్ ముట్టుకోదు. కిటికీ పక్కన గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి కూర్చుంటుంది. వేళ్లు ఒక్కొక్కటే మేలుకుంటుంటే, ఇంకా కుట్టని గౌన్లు ఆవిరిలో తేలిపోతూ కనిపిస్తాయి.

కాజాలు కుట్టడం మాత్రం ఆమె వల్ల కాలేదు. బస్సు డ్రైవరుగా రిటైరైన భర్త ఒకరోజు ఒక చొక్కా ముందేసుకుని సూది అందుకున్నాడు.

"మీకెందుకండీ, వేలు పొడుచుకుంటారు!"

"అంత బస్సును ఇరుకు సందుల్లో దూర్చినవాణ్ణి, సూదిలో దారం దూర్చలేనా?"

మొదటి కాజా వంకరగా వచ్చింది. ఆమె విప్పలేదు. ఆ చొక్కా ఆయనకే తొడిగి, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.